అండాలమ్మ వేలు, అరవై ఏడు డిగ్రీలు

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల సందులో ఇడ్లీబండి పెట్టుకుని అండాలమ్మ ఇరవై ఏళ్ళకు పైగా బతికింది. ఆ సందులో చదివి ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్ళు, తెచ్చుకోలేక ఊళ్ళకు మళ్ళినవాళ్ళు, అందరూ ఆమె చేతి ఇడ్లీ తిన్నవాళ్ళే. పొగలు కక్కుతున్న ఇడ్లీలను ఆమె చెంచా ముట్టకుండా, ఉత్త వేళ్ళతో రేకు మీది నుంచి ఊడదీసి ప్లేట్లో వేసేది. కొత్తగా హాస్టల్లో చేరిన పిల్లలు చూసి బిత్తరపోయేవాళ్ళు.

"కాలదా ఆంటీ?"

"కాలేది ఎన్నడో కాలిపోయింది బిడ్డా. ఇంకేం కాల్తది," అని నవ్వి చట్నీ పోసేది.

ఆమెది నల్లగొండ వైపు, నకిరేకల్ దగ్గర పల్లె. భర్త లచ్చయ్య తాపీపనికి పట్నం వస్తే వెంట వచ్చింది. కొడుకు సాయినాథ్ ఆరో తరగతిలో ఉండగా లచ్చయ్య జ్వరంతో పోయాడు. ఆ తరవాతే బండి. బండి మీదనే కొడుకు చదువు, బండి మీదనే ఎల్బీ నగర్ వెనక గల్లీలో రెండు గదుల ఇల్లు, దాని మీద డాబా, డాబా మీద ఒక చిన్న రేకుల గది. అండాలమ్మ కష్టాన్ని కథలా చెప్పుకునే మనిషి కాదు. అడిగితే "గడిచింది" అనేది, అంతే.

మోకాళ్ళు అరిగిపోయాయని, నిలబడి చేసే పని ఇక వద్దని దవాఖానలో చెప్పాక సాయినాథ్ బండిని అమ్మకుండా విప్పి, ఆ సామానంతా డాబా మీది రేకుల గదిలో పెట్టించాడు. వాడు సరుకుల డీసీఎం వ్యాను నడుపుతాడు. తెల్లవారుజామున బాటసింగారం పండ్ల మార్కెట్లో లోడు ఎత్తితే మధ్యాహ్నానికి గాని ఇల్లు చేరడు. వాడి భార్య మౌనిక ఒక బిస్కెట్ల కంపెనీ ల్యాబులో పని చేస్తుంది. పిండిలో తేమ ఎంత, పొయ్యిలో వేడి ఎంత అని కొలవడమే ఆ పిల్ల ఉద్యోగం. ఆ కంపెనీకి సరుకు దించడానికి పోయి పోయి సాయినాథ్ ఆమె మనసు గెలుచుకున్నాడు. పెళ్ళయి ఏడాది దాటింది.

కోడలు మంచిదే. కాని తెనాలి నుంచి వచ్చి చైతన్యపురిలో స్థిరపడ్డవాళ్ళ బిడ్డ. మాట వేరు, కూర వేరు. అత్తాకోడళ్ళ మధ్య కొట్లాట లేదు, ముచ్చటా లేదు.

"తిన్నవా మౌనికా?"

"తిన్నానండీ అత్తయ్యా. మీరు?"

"తిన్న."

ఇంతటితో ఆ రోజు మాటలు అయిపోయేవి. పొద్దంతా మనుషుల మధ్య, కేకల మధ్య బతికిన అండాలమ్మకు ఆ ఇంట్లో గడియారం చప్పుడు తప్ప వినిపించేది కాదు. బండి మానేసినందుకన్నా ఆమెకు ఆ చప్పుడే ఎక్కువ కష్టంగా ఉండేది.

ఎండాకాలం మొదట్లో ఒక ఆదివారం ఆమె మెల్లగా మెట్లెక్కి డాబా మీద సగ్గుబియ్యం వడియాలు పెడుతోంది. రేకుల గదిలోంచి ఏదో చప్పుడు వచ్చింది. గుబుక్. కాసేపు ఆగి మళ్ళీ గుబుక్. పిల్లి దూరిందేమోనని తలుపు తోసింది. లోపల నీళ్ళు పోసిన పెద్ద ప్లాస్టిక్ టబ్బు, టబ్బులో తడి గోనె కప్పుకుని నిలబడ్డ ఒక తెల్ల క్యాను. క్యాను మూతకు వంకర గొట్టం, గొట్టంలో కొన్ని నీళ్ళు. ఆ నీళ్ళలోంచి బుడగ లేచినప్పుడల్లా గుబుక్ మంటోంది.

అండాలమ్మ ముక్కు దగ్గరికి పెట్టింది. వాసన తెలిసిపోయింది. ఇడ్లీపిండి రాత్రంతా పొంగి మూత ఎత్తినప్పటి వాసన కొంత, చిన్నప్పుడు పొద్దున్నే తాళ్ళ కింద దించిన కల్లు లొట్టి వాసన కొంత. ఏదో పులుస్తోంది.

వెనక మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. మౌనిక గుమ్మంలోకి వచ్చి అత్తను చూసి అక్కడే ఆగిపోయింది. 

"ఏందమ్మా గిది?"

"అది... బీరండీ అత్తయ్యా. నేనే చేస్తున్నాను." తరవాత మాటలన్నీ ఒక్క గుక్కలో వచ్చేశాయి. ట్రైనింగుకు బెంగుళూరు పంపినప్పుడు అక్కడి స్నేహితురాలు చేస్తుంటే చూసిందట. సరదా పుట్టిందట. అమ్మడానికి కాదట, ఇంట్లోకేనట. అత్తయ్యకు నచ్చకపోతే ఇప్పుడే పారబోస్తుందట.

"పారబోసుడు ఎందుకు?" అంది అండాలమ్మ. "పులిసిందా?"

మౌనికకు అర్థం కాలేదు.

"పులుసుడు అయిపోయిందా అని అడుగుతున్న. అయితే జర పొయ్యి, చూద్దాం."

అది ఇంకా కాలేదు గాని, అంతకుముందు చేసి సీసాల్లో నింపినవి కింద ఫ్రిజ్‌లో, కూరగాయల అరలో సొరకాయ వెనక ఉన్నాయి. మౌనిక ఒకటి తెచ్చి స్టీలు గ్లాసులో పోసింది. అండాలమ్మ కొంగు సర్దుకుని, గోడకు ఆనుకుని, ఒక గుక్క తాగి నోట్లో తిప్పింది. పల్లెలో పుట్టిన ఆమెకు కల్లు కొత్త కాదు, పండగకో పబ్బానికో బీరూ కొత్త కాదు. తాగినందుకు సిగ్గుపడే ఆచారం వాళ్ళ ఇళ్ళలో లేనే లేదు.

"మంచిగనే ఉంది. చేదు సక్కగుంది. గని పలసగుంది బిడ్డా. సాంబారుల పప్పు తక్కువైనట్టు."

ఏడాది కాపురంలో ఆ ఇంట్లో ఒకరు తన వంట గురించి నిజం చెప్పడం మౌనికకు అదే మొదటిసారి. కోపం రాలేదు సరిగదా, నేల మీద అత్త పక్కన కూర్చుని, "అదేనండీ నాకూ అనిపిస్తోంది. చిక్కగా రావాలంటే నానబెట్టేటప్పుడు వేడి మార్చాలి," అంది.

ఆ మాటతో మొదలైంది.

బీరు ఎలా అవుతుందో మౌనిక చెప్పింది, అండాలమ్మ తన భాషలోకి తిప్పుకుంది. బార్లీని మొలకెత్తించి ఎండబెడితే మాల్ట్. దాన్ని రవ్వలాగా పట్టించి, వేడినీళ్ళలో గంటసేపు నానబెట్టాలి. గింజలోని పిండి కరిగి చక్కెర అవుతుంది. ఆ తీపినీళ్ళు వడకట్టి, చేదు కోసం హాప్స్ అనే ఎండుపూలు వేసి మరగబెట్టి, చల్లార్చి, ఈస్టు కలిపితే పులవడం మొదలు. ఇందులో అన్నిటికన్నా కీలకం ఆ గంటసేపు నానడమేనని, అప్పుడు నీళ్ళ వేడి ఎలా ఉంటే బీరు అలా తయారవుతుందని మౌనిక అంది.

"గింజలో రెండు రకాల పనివాళ్ళు ఉంటారనుకోండి అత్తయ్యా. ఒక రకానికి అరవై మూడు, అరవై నాలుగు డిగ్రీల దగ్గర హుషారు. వాళ్ళు పిండిని సన్నసన్నగా కొరికేస్తారు. ఈస్టు అదంతా తినేస్తుంది. బీరు పలచగా, ఘాటుగా వస్తుంది. రెండో రకానికి డెబ్బై దగ్గర హుషారు. వాళ్ళు పెద్దపెద్ద ముక్కలు చేసి వదిలేస్తారు. ఈస్టుకు అవి మింగుడుపడవు. బీరులోనే ఉండిపోయి చిక్కదనం ఇస్తాయి. వేడి మరీ ఎక్కువైతే ఇద్దరూ పోతారు."

"మా అడ్డా మీద కూలోళ్ళ లెక్క," అంది అండాలమ్మ. "చల్లపొద్దుల చేసేటోళ్ళు వేరు, ఎండల చేసేటోళ్ళు వేరు. నడి ఎండల ఎవ్వడు చెయ్యడు."

"సరిగ్గా అంతే," అంది మౌనిక.

తరవాతి ఆదివారానికి అండాలమ్మ మాల్ట్ సంచీ పట్టుకుని తనకు తెలిసిన పిండిగిర్నికి పోయింది. అంతకుముందు మౌనిక మిక్సీలో వేసి సగం పిండి, సగం గింజ చేసుకునేది. గిర్ని ఆయన ఇదేమి గింజ అని అడిగితే, "పట్నం గోధుమ. ఇడ్లీరవ్వ కంటే జర మోటుగా పట్టు," అని చెప్పి దగ్గరుండి పట్టించుకొచ్చింది. బండి మీద సాంబారు కాచిన పెద్ద గిన్నెను చింతపండుతో తోమి తళతళలాడించింది. డాబా మీద గ్యాసు పొయ్యి పెట్టారు. మౌనిక థర్మామీటర్ ముంచి, నీళ్ళు కావలసినంత వేడెక్కాక రవ్వ పోసి, కలిపి, మూత పెట్టింది. అప్పుడే కంపెనీ నుంచి ఫోను. ఏదో మిషను ఆగిందని, లెక్కలు అడుగుతున్నారని, కిందికి దిగి లాప్‌టాప్ ముందు కూర్చోవాల్సి వచ్చింది. పోతూ, "చల్లబడినట్టు అనిపిస్తే ఈ మరిగిన నీళ్ళు కొంచెం పోయండి అత్తయ్యా," అని చెప్పి పోయింది. థర్మామీటర్ పక్కనే స్టూలు మీద పెట్టింది గాని, అండాలమ్మ దాని జోలికి పోలేదు. చేతి వేళ్ళుండగా గాజు కడ్డీ ఎందుకు.

మూత తీసి వేలు ముంచింది. గోరువెచ్చగా తోచింది. అరె, చల్లబడ్డదని ఒక చెంబు మరిగిన నీళ్ళు పోసింది. కాసేపు ఆగి మళ్ళీ ముంచింది. అప్పుడూ గోరువెచ్చగానే ఉంది. ఇంకో చెంబు పోసింది. కోడలు అప్పగించిన మొదటి పని. ఎక్కడా తక్కువ కానివ్వకూడదని ఆమె పంతం.

ఆ బీరు పులవడమే బద్ధకంగా పులిసింది. గుబుక్ మనడం తొందరగా ఆగిపోయింది. సీసాల్లో నింపి, ఓపిక పట్టి, ముగ్గురూ కూర్చుని ఒక సీసా తీశారు. సాయినాథ్ మొదటి గుక్క తాగి ముఖం అదోలా పెట్టాడు.

"అమ్మా, ఇది బీరా, పానకమా?"

చిక్కగా ఉంది, తియ్యగా ఉంది, గ్లాసుకు పెదవులు అంటుకుంటున్నాయి. ఎంత తాగినా కిక్కు లేదు. సాయినాథ్ ఒక సీసా మొత్తం తాగి బండి తాళాలు తీసుకోబోయాడు. మౌనిక కళ్ళెర్రజేసి లాక్కుంది.

"వేడి ఎక్కువైనట్టుంది," అంది మౌనిక. "కాని ఎలా? నేను సరిగ్గానే పెట్టి వెళ్ళాను."

"నేను వేలు పెట్టి చూసిన బిడ్డా. చల్లగనే ఉండె," అంది అండాలమ్మ, కొంచెం గట్టిగా. ఇన్నేళ్ళు పొయ్యి దగ్గర గడిపిన చెయ్యి తప్పు చూస్తుందా అని లోపల ఉడుకుమోత్తనం.

మౌనిక వంటింట్లోకి పోయి ఒక గిన్నెలో వేడినీళ్ళు తెచ్చి ముందు పెట్టింది. అందులో థర్మామీటర్ నిలబెట్టి, అత్త చెయ్యి పట్టుకుని, "ఇద్దరం కలిసి పెడదామా?" అంది. ఇద్దరూ వేళ్ళు ముంచారు. మౌనిక చప్పున తీసుకుని నోట్లో పెట్టుకుంది. అండాలమ్మ వేలు అలాగే ఉంది.

"గోరువెచ్చగుంది," అంది అండాలమ్మ.

మౌనిక థర్మామీటర్ చూసింది. "అత్తయ్యా, డెబ్బై ఆరు."

అండాలమ్మ మెల్లగా వేలు తీసి, వెలుతురులోకి పెట్టి, తన వేలినే కొత్తగా చూస్తున్నట్టు అటూ ఇటూ తిప్పింది. ఏళ్ళ తరబడి పొగలు కక్కే ఇడ్లీలు ఊడదీసి ఊడదీసి ఆ వేళ్ళ కొసలు బండబారిపోయాయి. ఆమెకు వేడి తెలియడం మానేసి ఎన్నాళ్ళయిందో ఆమెకే తెలియదు.

ముందు నవ్వింది మౌనిక. ఆపుకుందామని చూసింది గాని ఆగలేదు. కడుపు పట్టుకుని, గోడకు ఆనుకుని, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఈ పిల్లకు ఇంత నవ్వు ఉందని అండాలమ్మకు ఆ రోజే తెలిసింది. ఆ నవ్వు చూసి ఆమెకూ ఆగలేదు. సాయినాథ్ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, వీళ్ళకే కిక్కు ఎక్కిందా అని సీసా మీద అనుమానంగా చూశాడు.

"గట్లయితే ఈ ఇరవై ఏండ్లు పోరగాండ్లకు నేను పెట్టిన చాయ్ ఎంత కాలిందో ఏమో," అంది అండాలమ్మ తేరుకుని. "అందుకేనేమో, అందరు ఊదుకుంట నిలవడేటోళ్ళు."

రెండోసారి ఆమె గిన్నె దగ్గరికే రాలేదు. "నువ్వే చేసుకో, నా చెయ్యి మంచిది కాదు," అని దూరంగా స్టూలు వేసుకుని కూర్చుంది. జూన్ నెల. మబ్బు పట్టి ఉంది. నానబెట్టి మూత పెట్టారో లేదో ఈదురుగాలి లేచింది. డాబా మీద గాలి గిన్నెను నాలుగు వైపుల నుంచీ నాకేసింది. మౌనిక మంట పెట్టి, ఆపి, మళ్ళీ పెట్టి, అవస్థ పడింది. అడుగున వేడి, పైన చల్లన. ఎంత కలిపినా కడ్డీలో అంకె అరవై దాటి నిలబడలేదు. ఆ సీసాలు తీస్తే బీరు పలచగా, చురుక్కుమని, నీళ్ళ మజ్జిగలో చేదు కలిపినట్టు వచ్చింది. సాయినాథ్‌కు మాత్రం తెగ నచ్చింది. రెండు గ్లాసులకే డాబా మీద పడుకుని లారీ డ్రైవర్ల మీద వాడికి తెలిసిన ముచ్చట్లన్నీ చెప్పాడు.

"వీడికి నచ్చిందంటేనే ఏదో తేడా ఉన్నట్టు," అంది మౌనిక.

అండాలమ్మ మాత్రం ఆ రోజు నుంచి ఆలోచనలో పడింది. వేడి ఎంతో కోడలి కడ్డీ చెప్తుంది. అందులో ఇక తిరుగు లేదు. కాని చెప్పిన వేడి గంటసేపు కదలకుండా నిలబడాలి కదా. వేడి నిలబెట్టడం ఆమెకు తెలిసిన విద్య. చలికాలంలో పొద్దున్నే దింపిన ఇడ్లీలు ఎండెక్కేదాకా పొగలు పోతూ ఉండాలంటే ఏం చేసేదో గుర్తు చేసుకుంది. రేకుల గదిలో బండి సామాన్ల అడుగున ఇడ్లీలు దాచిన పెట్టె ఉంది. లచ్చయ్య తన తాపీ సామాన్ల కోసం తన చేత్తో చేసిన చెక్కపెట్టె. బండి పెట్టాక ఆమె దానికి లోపల నాలుగు వైపులా థర్మాకోల్ పలకలు వేసింది. దాన్ని బయటికి తీసి ఎండబెట్టింది. పాత చీరలతో కుట్టిన బొంత ఒకటి తీసింది.

ఆషాఢం వచ్చింది. గల్లీలో పోచమ్మ బోనాలకు రోజు చెప్పారు. బోనాలనాడు దావత్ చేయాలని, ఆ దావత్‌కు మౌనిక తల్లిదండ్రులను పిలవాలని అండాలమ్మ అంది. మౌనిక నసిగింది. ఆమె తండ్రి గంగాధరరావు రిజిస్ట్రేషన్ ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. కూతురి పెళ్ళికి వద్దనలేదు, ఔనని నోరారా అననూ లేదు. ఈ ఇంటికి వచ్చినప్పుడల్లా కుర్చీ అంచున కూర్చుని, మంచినీళ్ళు తాగి, వాతావరణం గురించి రెండు మాటలు చెప్పి, పని ఉందని లేచిపోయేవాడు. మందు వాసనే పడదు ఆయనకు.

"నాన్నగారు వస్తే ఈ బీరు సంగతి తెలిసిపోతుంది అత్తయ్యా."

"తెలువనీ. దొంగతనం చేస్తున్నమా? తాగనోళ్ళకు తాగనిది చేద్దాం. చక్కెరయ్యేది ఆ నానుట్లనే అంటివి గద. ఈస్టు వెయ్యకుంటే అది ఉత్త తీపినీళ్ళే గద."

మౌనిక అత్త ముఖంలోకి చూసింది. తనకు ఎందుకు తట్టలేదా అనుకుంది.

మూడోసారి ఇద్దరూ కలిసి చేశారు. కడ్డీ మౌనిక చేతిలో, పెట్టె అండాలమ్మ చేతిలో. పలచనకు, చిక్కనకు మధ్యన అరవై ఏడు దగ్గర నిలపాలని ముందే అనుకున్నారు. మౌనిక థర్మామీటర్‌ను గిన్నె అడుగున, నడుమ, పైన మూడు చోట్లా పెట్టి చూసి, అండాలమ్మ సాంబారు తెడ్డుతో అడుగంటా కలిపి, మూడు చోట్లా ఒకటే వేడి వచ్చాక మూత పెట్టారు. గిన్నెకు బొంత చుట్టి, ఎత్తి పెట్టెలో దింపి, మీద ఇంకో దుప్పటి కప్పి, పెట్టె మూత వేసి, ఆ మూత మీద అండాలమ్మ తనే ఎక్కి కూర్చుంది.

"దమ్ బిర్యానీ లెక్క," అంది. "ఇగ ఎవ్వరు ముట్టొద్దు."

ఆ గంటసేపు ఆమె దిగలేదు. గాలి వీచింది, నాలుగు చినుకులు పడ్డాయి. మౌనిక గొడుగు తెచ్చి పట్టుకుంది. గొడుగు కింద ఇద్దరూ తెనాలిలో మామిడికాయ పప్పు ఎలా చేస్తారో, నకిరేకల్లో సర్వపిండి ఎలా చేస్తారో చెప్పుకున్నారు. లచ్చయ్య ఎలాంటివాడని మౌనిక అడిగింది. అండాలమ్మ "మంచోడే" అనబోయి ఆగి, ఆయన ఇడ్లీకి చట్నీ కాదు చక్కెర అద్దుకుని తినేవాడని, అందరూ నవ్వేవాళ్ళని, ఇంకా ఏమేమో చాలాసేపు చెప్పింది. మూత తీసి కడ్డీ ముంచితే అరవై ఆరున్నర. మౌనిక కడ్డీని దించి మళ్ళీ ముంచింది. అదే. అత్త భుజం చుట్టూ చెయ్యి వేసింది.

మిగిలిన మాల్ట్‌తో ఇంకో చిన్న గిన్నె. దీనికి వేడి కావాలనే డెబ్బై రెండు దగ్గర పెట్టారు, చిక్కగా, కమ్మగా దిగాలని. ఇందులో చేదుపూలు లేవు, ఈస్టు లేదు. మరగబెట్టి, శొంఠి దంచి వేసి, చల్లార్చి, బోనాల ముందురోజే చేసుకునేలా పద్ధతి చూసి పెట్టుకున్నారు. వడకట్టాక మిగిలిన పిప్పిలో కొంత అండాలమ్మ బియ్యప్పిండిలో కలిపి సర్వపిండి చేసింది. మిగతాది గల్లీ చివర మట్టయ్య బర్రెలకు. మట్టయ్య మర్నాడు వచ్చి, ఇంకా ఉందా అక్కా, బర్రెలు మీ ఇంటి దిక్కే చూస్తున్నాయి అన్నాడు.

బోనాల ఆదివారం ఇల్లంతా జనం. అమ్మవారికి బోనం ఎత్తి, వేపాకు పసుపునీళ్ళ సాక పోసి వచ్చాక డాబా మీద షామియానా కింద దావత్. హయత్‌నగర్ నుంచి రాములమ్మ వచ్చింది. ఒకప్పుడు అండాలమ్మ బండి పక్కనే మిర్చిబజ్జీల బండి పెట్టిన మనిషి, అప్పటి నుంచీ దోస్తానా. గంగాధరరావు భార్యతో వచ్చి ఎప్పటిలాగే కుర్చీ అంచున కూర్చున్నాడు. సీసాలు చూశాడు. నవ్వుతున్న కూతుర్ని చూశాడు. కుర్చీని సీసాలకు కొంచెం దూరంగా జరుపుకున్నాడు.

అండాలమ్మ స్టీలు గ్లాసు నిండా చల్లటి మాల్ట్ నీళ్ళు పోసి, నిమ్మకాయ పిండి, స్వయంగా పట్టుకుపోయింది.

"అన్నా, ఇది తాగు. దీంట్ల మందు లేదు. నీ బిడ్డ చేసింది, నేను చేసిన."

ఆయన మొహమాటానికి ఒక గుక్క తాగాడు. గ్లాసులోకి చూశాడు. ఇంకో గుక్క తాగాడు. ఆ తరవాత గ్లాసు దించలేదు.

"ఇదేంటి చెల్లెమ్మగారూ, చెరుకురసం కాదు, బెల్లం కాదు. తియ్యగా ఉంది, వెగటు లేదు."

"ఉత్త బార్లీ అన్నా. చక్కెర ఒక్క పలుకు వెయ్యలె."

"చక్కెర వేయకుండా ఈ తీపి ఎక్కడిది?"

"అది నీ బిడ్డను అడుగు. ఆమెదే ఆ లెక్క."

మౌనిక వచ్చి తండ్రి కాళ్ళ దగ్గర చాప మీద కూర్చుని చెప్పింది. గింజలోని పనివాళ్ళ సంగతి, అరవై నాలుగుకు ఏమవుతుంది, డెబ్బై రెండుకు ఏమవుతుంది, గాలికి గిన్నె చల్లబడిన వైనం, అత్తయ్య వేలికి డెబ్బై ఆరు గోరువెచ్చగా తోచిన వైనం. అక్కడికి వచ్చేసరికి గంగాధరరావు పెద్దగా నవ్వేశాడు. ఆయన భార్య ఉలిక్కిపడి చూసింది. ఆయన కుర్చీలో వెనక్కి జారగిలబడి, ఖాళీ గ్లాసు ముందుకు చాపాడు. పని ఉందన్న మాట ఆ రోజు ఎత్తలేదు. పొద్దు వాలేదాకా కూర్చుని మటన్, బగారా అన్నం తిని, రేకుల గదిలోకి పోయి చెక్కపెట్టె తెరిచి చూసి, మూత దగ్గర సందులోంచి వేడి పోతోందేమో, రబ్బరు పట్టీ వేస్తే బాగుంటుందేమో అని సాయినాథ్‌తో చర్చ పెట్టాడు. మామ తనతో అంతసేపు మాట్లాడటం సాయినాథ్‌కు మొదటిసారి. ప్రతిదానికీ "అవును మామయ్యా" అంటూ బుద్ధిమంతుడిలా తల ఊపాడు. తరవాతి వారం ఆయనే దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళి రబ్బరు పట్టీ కొనుక్కొచ్చి, తన చేత్తో బిగించిపోయాడు.

ఇక అరవై ఏడు బీరు. గ్లాసులో పోస్తే తేనె రంగు, మీద వేలెడు నురగ, ఆ నురగ గ్లాసు సగమయ్యేదాకా నిలిచింది. నోట్లో నిండుగా ఉంది, గొంతు దిగాక జిగట లేదు, చివరికి చేదు చిన్నగా పలకరించి పోయింది. అండాలమ్మ మొదటి గుక్క తాగి కళ్ళు మూసుకుంది. మౌనిక ఆమె ముఖమే చూస్తోంది.

"ఇప్పుడు పప్పు సరిపోయింది బిడ్డా."

రాములమ్మ, సాయినాథ్, పక్కింటివాళ్ళు అడిగి అడిగి పోయించుకున్నారు. బోనాలనాటి సాయంత్రానికి ఒక్క సీసా మిగల్లేదు.

ఆ తరవాత అండాలమ్మ ఇంట్లో గడియారం చప్పుడు ఎవరికీ వినిపించలేదు. ఆదివారం వస్తే డాబా మీద పొయ్యి వెలగాల్సిందే. అయితే ఒక కొత్త పంచాయితీ మొదలైంది. చెయ్యి తిరిగేకొద్దీ ఇద్దరికీ ఎవరి రుచి వారికి తెలిసొచ్చింది. అండాలమ్మకు అరవై తొమ్మిది కావాలి. చిక్కగా, కడుపు నిండినట్టు ఉండాలి. మౌనికకు అరవై అయిదు కావాలి. తేలిగ్గా, చురుగ్గా ఉండాలి. అరవై ఏడు ఇద్దరికీ మధ్యేమార్గమే గాని, ఇద్దరిలో ఎవరికీ పూర్తిగా నచ్చిన బీరు కాదని ఇద్దరూ ఒకరికొకరు ఒప్పుకున్నారు.

"నాలుగు డిగ్రీలకు ఏం తేడా వస్తది?" అని సాయినాథ్ అని చూశాడు. ఇద్దరూ ఒకేసారి వాడివైపు తిరిగి అరగంట చెప్పారు. వాడు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

చివరికి ఇంకో గిన్నె వచ్చింది. గంగాధరరావు కొలతలు రాసుకుని మరీ రెండో పెట్టె చేయించి తెచ్చాడు. ఒక గిన్నె అత్తది, ఒక గిన్నె కోడలిది. అండాలమ్మ మెడలో ఇప్పుడు పసుపుతాడులా దారం కట్టిన సొంత థర్మామీటర్ వేలాడుతుంది. అద్దాలు పెట్టుకుని, అంకె చూసి, "అరవై తొమ్మిది, ఇగ ముట్టకు," అని కోడలి చేతిని తోసేస్తుంది. "మీది మీరే తాగండి," అని కోడలు తన గిన్నెకు బొంత చుట్టుకుంటుంది.

దసరా ముందు ఒక ఆదివారం రాములమ్మ హయత్‌నగర్ నుంచి బస్సు దిగి వచ్చింది. తీర్పు ఆమెనే చెప్పమన్నారు. డాబా మీద చాప వేసి, రెండు గ్లాసులు ముందు పెట్టి, ఏది ఎవరిదో చెప్పకుండా అత్తాకోడళ్ళు చెరోవైపు కూర్చున్నారు. రాములమ్మ మొదటి గ్లాసు తాగింది. రెండోది తాగింది. మూతి తుడుచుకుంది. ఒకవైపు ఇరవై ఏళ్ళ దోస్తు, ఇంకోవైపు బంగారంలాంటి పిల్ల. ఇద్దరూ రెప్ప వేయకుండా చూస్తున్నారు.

"ఒక్కొక్క గ్లాసుతోని ఎట్ల తెలుస్తది," అంది రాములమ్మ, రెండు గ్లాసులూ ముందుకు జరిపి. "మళ్ళ పొయ్యుండ్రి. ఆలోచించి చెప్త."